ఏడులో సగం

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. నాలుగు మగ కుక్కపిల్లలకు తగ్గిన ధర, ఒక్కొక్కదానికి నాలుగు వేల చొప్పున పదహారు వేలు. ఐదు వారాల అదనపు తిండికి ఆరువేల ఐదువందలు. రెండో విడత టీకాలకు మూడువేల ఐదువందలు. సింగరాయకొండకు రెండుసార్లు కారు బాడుగ నాలుగువేల ఎనిమిదివందలు. పిల్లలు కొరికేసిన, మిర్చి ఆరబోసే పట్టా పద్దెనిమిది వందలు. మా ఆయన కొత్త చెప్పులు నాలుగువందల యాభై. మొత్తం ముప్ఫైమూడువేల యాభై రూపాయలు. ఇవి కాక ఒక కుక్కపిల్ల. అది పుట్టిన మూడో రోజున, తల్లి ఒత్తిగిలినప్పుడు దాని కింద నలిగి పోయింది. దానికి ధర వేయలేదు.

దర్శి దగ్గర రోడ్డు మీద మాకు లారీలు తూచే కాటా ఉంది. నేను ఏడో తరగతితో ఆగిపోయాను. పెళ్ళయ్యాక మా ఆయన పక్కన కూర్చుని, నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసివేసుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను. తర్వాత వడ్డీ లెక్కలు, ఆ తర్వాత ఊళ్ళో వాళ్ళ కౌలు లెక్కలు కూడా నా దగ్గరికే రావడం మొదలైంది. మిర్చి ధర పడిపోయి కాటాకు లారీలు తగ్గిన ఏడాది, ఇంట్లో ఇంకో ఆదాయం ఏదైనా ఉండాలనిపించింది. లాబ్రడార్ పిల్లలకు మంచి గిరాకీ ఉందని మా ఆయన విని వచ్చాడు.

సింగరాయకొండలో ఒక రిటైరైన టీచరు గారి దగ్గర మంచి జాతి ఆడకుక్క ఉందని తెలిసి వెళ్ళాం. ఆమె తెలుగు టీచరు, ఒంటరి మనిషి. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. తల్లికుక్కను ఉంచుకుని దాని కూతుర్ని అమ్ముతోంది. ధర ముప్ఫై వేలు. నా దగ్గర అంత లేదు. రెండు గాజులు బ్యాంకులో పెట్టి పాతిక వేలు తెచ్చాను. పదిహేను వేలు కుక్కకు, మిగతాది మగకుక్కతో క్రాసింగుకు, తిండికి.

మిగిలిన సగం ధరకు బదులు ఒప్పందం చేసుకున్నాం. మా వైపు గేదెలకు ఉన్న పద్ధతే దానికీ పెట్టాను. ఒకరు పడ్డదూడను ఇస్తారు, ఇంకొకరు మేపుతారు, పుట్టే దూడలు చెరిసగం. మొదటి దూడ ఒకరిది, రెండోది ఇంకొకరిది. ఈ పద్ధతిలో తగాదా రావడం నేను చూడలేదు. అందుకే ఒక తెల్లకాగితం మీద నేనే రాశాను: రెండు కాన్పులు, పిల్లల్లో సగం టీచరు గారికి, అంతవరకు కుక్క జాతి కాగితాలు ఆమె పేరు మీదే. ఆమె చదివి, రెండు చోట్ల దీర్ఘాలు దిద్ది సంతకం పెట్టింది.

గేదె ఒకసారికి ఒక దూడనే ఈనుతుందన్న సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు.

కుక్క మా ఇంట్లో బాగా కలిసిపోయింది. దానికి కాటా ఇనుప పలక ఇష్టం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు దాని మీద పడుకునేది. లారీ ఎక్కితే కాటా ముప్ఫై కిలోలు ఎక్కువ చూపించేది. "అక్కా, నీ కుక్క బరువుకి కూడా మేమే డబ్బులు కట్టాలా?" అని డ్రైవర్లు అరిచేవాళ్ళు. మిర్చి బస్తాల లారీ వస్తే వరసగా తుమ్మేది.

తొలి కాన్పులో ఎనిమిది పిల్లల్ని పెట్టింది. ఒకటి పోయి ఏడు మిగిలాయి. ఏడు వారాలు నిండాక టీచరు గారికి ఫోన్ చేశాను.

"నా నాలుగు ఎప్పుడు పంపిస్తావమ్మా?" అంది.

"నాలుగెక్కడివండీ? ఏడులో సగం మూడున్నర."

"ఎనిమిది పుట్టాయని నువ్వే చెప్పావు కదా. ఎనిమిదిలో సగం నాలుగు. తెలుగు టీచర్నయినా అంత లెక్క వచ్చు నాకు."

"ఒకటి పోయింది కదండీ. మిర్చికి ఆరాక తరుగు పోదా? కాటా రోజు బరువే బరువు."

"బళ్ళో చేరినవాళ్ళ లెక్క రిజిస్టరులో ఉంటుంది. మధ్యలో ఒకడు రాకపోతే అది చూసుకునేవాళ్ళ బాధ్యత. నా చేతిలో పోలేదు కదా పిల్ల!"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఆ మూడు రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆమె సంతకం లేకపోతే పిల్లలకు జాతి కాగితాలు రావు. కాగితాలు లేని పిల్లను కొనడానికి వచ్చినవాళ్ళు సగం ధర కూడా చెప్పరు. కాగితాల కోసం ఆగితే పిల్లలు పెరుగుతాయి, పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది, తిండి ఎక్కువవుతుంది. రెండు వైపులా నష్టమే. బ్యాంకు వాళ్ళు గాజుల గడువు గుర్తు చేస్తున్నారు. ఒకసారి సింగరాయకొండ వెళ్ళి మాట్లాడి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆమె కాఫీ ఇచ్చింది, సంతకం ఇవ్వలేదు.

గొడవ మొదలైన ఐదో వారంలో మా ఆయన, "ఏమే, అన్నదమ్ములు పొలం ఎట్టా పంచుకుంటారు? పెద్దోడు వాటాలేస్తాడు, చిన్నోడు కోరుకుంటాడు. అట్టా చెయ్యరాదూ?" అన్నాడు.

మర్నాడు ఏడు పిల్లల్నీ కారులో వేసుకుని ఇద్దరం వెళ్ళాం. టీచరు గారి వరండాలో సంగతి చెబితే ఆమె నవ్వింది.

"పెద్దదాన్ని నేను కదా, వాటాలు నేనెయ్యాలి. నాకు లెక్కలు రావు. నువ్వే వెయ్యి, నేను కోరుకుంటాను."

"అరపిల్ల మాటేంటండీ మరి?" అన్నాడు మా ఆయన. "ముందు సగం కావాలా, వెనక సగమా? ముందు సగం మొరుగుతుంది, వెనక సగం తోక ఊపుతుంది."

"తోక ఊపేదే ఇవ్వు నాయనా. మొరగడానికి నేనున్నాను."

నేను ఆనాటి ధరలు వేసుకుని వాటాలు చేశాను. మగపిల్లలు నాలుగు, తొమ్మిది వేల చొప్పున ముప్ఫైయారు వేలు. ఇవి ఒక వాటా. మంచి ఆడపిల్లలు రెండు, పద్నాలుగు వేల చొప్పున ఇరవై ఎనిమిది. మూడో ఆడపిల్లకు ఛాతీ మీద అర్ధరూపాయంత తెల్లమచ్చ ఉంది. కొనేవాళ్ళు దాన్ని వంకగా చూపిస్తారు కాబట్టి ఎనిమిది వేలే వేశాను. ఆ మూడూ కలిపితే సరిగ్గా ముప్ఫైయారు. ఇంత సమంగా రావడం చూసి నాకే ముచ్చటేసింది. నాలుగు కావాలని పట్టుబట్టిన మనిషి నాలుగున్న వాటానే తీసుకుంటుందనుకున్నాను. ఆడపిల్లలు నాకు మిగులుతాయని లోపల సంతోషపడ్డాను కూడా.

ఆమె వంగి ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసింది. మచ్చపిల్ల దగ్గర ఆగింది. దాన్ని ఎత్తుకుని మళ్ళీ దించలేదు. అప్పుడు గమనించాను, వరండాలో తల్లికుక్క గొలుసు కొక్కేనికి వేలాడుతోంది, కుక్క లేదు.

"పోయిన నెల పోయిందమ్మా" అంది. "దానికీ ఇక్కడే ఉండేది మచ్చ."

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ? వచ్చినప్పుడైనా..."

"చెబితే జాలిపడి ఇచ్చేదానివి. నాకు రావలసింది నేను అడిగాను." పిల్ల చెవి నిమురుతూ, "ఆ రోజు నా చేతిలో పోలేదు అన్నాను చూడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా చేతిలోనూ పోయింది కదా" అంది.

మూడు పిల్లల వాటా తీసుకుంది. అక్కడే బల్ల మీద కాగితాలన్నీ పెట్టి సంతకాలు చేసింది. నేను లేవబోతుంటే ఆపింది.

"అరపిల్ల రాసుకున్నావా? ఏడులో సగం మూడున్నర అని నువ్వే అన్నావు. నేను తీసుకుంది మూడు."

"రెండు వాటాలూ ముప్ఫైయారువేలే కదండీ, బాకీ ఎక్కడుంది?"

"మనం రాసుకుంది పిల్లలు, రూపాయలు కాదు. పై కాన్పులో చూసుకుందాం."

కాగితం రాసింది నేనే.

నాలుగు మగపిల్లలూ వారంలో అమ్ముడుపోయాయి. గాజులు ఇంటికొచ్చాయి. మరుసటి కాన్పులో సరిగ్గా ఆరు పుట్టాయి, ఆరూ బతికాయి. మూడు ఆమెకిచ్చాను, మూడు నేనుంచుకున్నాను. అర అలాగే మిగిలిపోయింది. కుక్క కాగితాలు నా పేరు మీదికి మార్చి ఇచ్చేసింది. తర్వాత కుక్కకు గర్భసంచిలో చీము పట్టి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది, ఇక పిల్లలు మాత్రం పుట్టవు. ఆ కబురు చెప్పినప్పుడు, అరపిల్లకు నాలుగువేల ఐదువందలు పంపుతానన్నాను. "రూపాయలు రాసుకోలేదమ్మా" అని మళ్ళీ అదే మాట అంది.

కుక్కల ఒప్పందాలు రాసిపెట్టమని ఇప్పుడు చాలామంది నా దగ్గరికి వస్తారు. పుట్టిన ఎన్నో రోజున లెక్కపెట్టాలి, పోయినవి ఎవరి ఖాతా, బేసి వస్తే ఎవరు కోరుకోవాలి అని ముందే అడిగి రాస్తాను. వాళ్ళెవరూ మళ్ళీ తగాదాతో రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక టీచరు గారు ఫోన్ చేస్తుంది. వెనక మచ్చపిల్ల మొరుగుతూ ఉంటుంది. అది ఇప్పుడు పిల్ల కాదు, మా కుక్కంత అయింది.

"ఏమ్మా, నా అరపిల్ల సంగతేం చేశావు?"

"లెక్కలోనే ఉందండీ" అంటాను.

నిజంగానే ఉంది. ఇచ్చినవి ఆరు. ఇవ్వవలసినవి ఆరున్నర. ఈ రోజుకీ బాకీ, అర.