చిలకపచ్చ చీరకు ముత్తైదువ

నా భార్య మొదటిసారి మా అంగడికి వచ్చినప్పుడు అరల్లో ఉన్న చీరలన్నీ కిందికి దింపించి, చివరకు ఒక తువ్వాల కొనుక్కొని పోయింది. కర్నూలు పాత ఊరిలో తాతల నాటినుంచి బట్టలమ్ముతున్న ఇల్లు మాది. రకరకాల గిరాకీలను చూశాం గానీ, అంత ధీమాగా తువ్వాల కొన్న మనిషిని నేను చూడలేదు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ చీరలు దింపించింది, మళ్లీ తువ్వాలే కొంది. ఆ తర్వాత వచ్చినప్పుడు, "ఏమమ్మా, మీ ఇంట్లో అంత తడి ఉండాదా?" అని అడిగాను. నవ్వింది. ఆ నవ్వుతో నా బేరం ముగిసింది.

ఆమె కమలాపురం పిల్ల, క్రైస్తవుల ఇంట్లో పుట్టింది, మా వైపు సర్కారు బడిలో టీచరు. మేము శాకాహారులం, వైశ్యులం, పంచాంగం చూడనిదే గడప దాటనివాళ్లం. పెళ్లికి రెండు వైపులా ఏడుపులే. మా అమ్మ ఆమెను ఇంట్లోకి రానిచ్చింది గానీ చాలాకాలం మాటలు కలపలేదు. ఒక పండగనాడు అమ్మ పెనం ముందు కూర్చొని బక్షాలు, అంటే బొబ్బట్లు, కాలుస్తుంటే, ఈమె పక్కన నిలబడి, "అత్తా, ఇవి ఓళిగలు గదా" అంది. "ఓళిగలు మీ కడపలో. ఈడ బక్షాలు" అంది అమ్మ. "మా ఊర్లో ఇంకా పల్చగా చేస్తారు" అంది ఈమె. అంతే, పౌరుషానికి పోయి అమ్మ ఆ దినం బక్షంలోంచి చెయ్యి కనపడేంత పల్చగా చేసి పెట్టింది. ఈమె లెక్కలేకుండా తినింది. మా అమ్మకు వండింది తిని మెచ్చుకునేవాళ్లు దొరికితే కులమూ గుర్తుండదు, మతమూ గుర్తుండదు.

జబ్బు చేసి పోయేముందు నా భార్య నన్ను ఒకటే అడిగింది, "మా ఊర్లో మా జేజి పక్కన పెట్టండి" అని. జేజి అంటే వాళ్ల నాయనమ్మ. మా చుట్టాలు ఎన్ని అన్నా నేను ఆ మాట నిలబెట్టాను. కడప బండ పరిచిన సమాధి అది, నల్లగా, నున్నగా ఉంటుంది. మొదటి యేడు నవంబరులో సమాధుల పండగకు నేనూ నా కూతురూ పోయి కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. అమ్మ రాలేదు. మా ఇంటి ఆడవాళ్లు శ్మశానం గేటు కూడా చూడరు.

అసలు కథ ఏడాది తిరిగిన తర్వాత మొదలైంది. పెద్దల అమావాస్యకు ముందు అవిధవ నవమి వస్తుంది. మొగుడు బతికుండగానే పోయిన ఆడవాళ్ల కోసం ఆ దినం. వాళ్ల పేరు చెప్పి ఒక ముత్తైదువను పిలిచి, కడుపునిండా అన్నం పెట్టి, చీరా రవికా గాజులూ ఇస్తారు. ఆమె తింటే పోయినామె తిన్నట్టు, ఆమె కట్టుకుంటే పోయినామె కట్టుకున్నట్టు. అమ్మ అంగడికొచ్చి, తానే అరలన్నీ వెతికి, చిలకపచ్చ చీర ఒకటి తీసింది. అది నా భార్యకు ఇష్టమైన రంగు. తీసి ఒళ్లో పెట్టుకొని, "దీన్ని ఎన్నిసార్లు చూసిందో, ఒక్కసారీ కొనుక్కోలేదు" అంది. అంగడివాడి పెళ్లానికి చీర ఎప్పుడైనా వస్తుందిలే అనుకొని ఉంటుంది పాపం.

మా ఇంటి పురోహితుణ్ణి అడిగితే ఆయన నీళ్లు నమిలాడు. "పూడ్చినారు గదమ్మా. గోత్రం చెప్పేదానికీ లేదు. దీనికి శాస్త్రం యాడుండాది?" అన్నాడు. చెడ్డవాడు కాదు, తెలిసిందే చెప్పాడు. అమ్మ ఆయనకు దణ్ణం పెట్టి పంపించి, శాస్త్రం లేకపోతే మనుషులు ఉన్నారు కదా అని వీధిలోకి పోయింది. ముత్తైదువలకు మా వీధిలో కరువా? ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి పేరున అని అడిగేదాకా అందరూ వస్తామన్నారు. చెప్పిన తర్వాత ఒకామెకు ఉపవాసం గుర్తొచ్చింది, ఒకామెకు మోకాళ్లనొప్పి వచ్చింది, ఇంకొకామె కూతురు ఊరినుంచి వస్తున్నదట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తలా ఒక సాకు. నవమి దాటిపోయింది. వండిన బక్షాలు ఎవరమూ ముట్టలేదు.

నాకు మండింది. "పేరు చెప్పకుండా ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యమ్మా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాను.

"పేరు చెప్పకుండా ఇస్తే అది అంగట్లో చీర నాయనా. ఆమె చీర కాదు" అంది అమ్మ. చీరను బీరువాలో పెట్టింది. అప్పటినుంచి బీరువా తెరిచినప్పుడల్లా దాన్ని తీసి, మడత మార్చి, మళ్లీ పెట్టేది. ఆమె చేతుల్ని చూస్తే నాకు కోపం పోయి దుఃఖం వచ్చేది.

దీపావళి అయిపోయింది. అక్టోబరు చివర నా కూతురి బడినుంచి ఫోనుకు సందేశం వచ్చింది. హాలోవీన్ చేస్తున్నాం, పిల్లలందరినీ దెయ్యం వేషంలో పంపించండి అని. పుండు మీద కారం చల్లినట్టయింది. తల్లి పోయిన పిల్లను దెయ్యం వేషంలో పంపాలా? వెంటనే బడికి పోయి నాలుగు అడిగి రావాలని చెప్పులేసుకున్నాను. నా కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఆ రాత్రి చచ్చిపోయినవాళ్లు ఇండ్లకు వస్తారంట. ఆకలేసి తలుపులు కొడతారంట. మా మిస్ చెప్పింది. అమ్మ కూడా వస్తాదా?"

చెప్పులతోనే వాకిట్లో ఆగిపోయాను.

"వస్తే ఎవరింటికి పోతాది? మన ఇంటికా, అమ్మమ్మ వాళ్ల ఇంటికా?"

చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాను. దాని ముఖంలో భయం లేదు. తల్లి దారి తప్పుతుందేమో అన్న దిగులే ఉంది. అమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా వింటున్నది. బడిమీద కోపం ఎటు పోయిందో తెలియదు గానీ, ఈ పండగ సంగతేమిటో తెలుసుకోవాలని మా మామకు, నా భార్య తండ్రికి, ఫోన్ చేశాను. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఏది అడిగినా మొదటినుంచీ చెప్తాడు.

"చలిదేశాల్లో పాతకాలం మాట అల్లుడా అది. పంట ఇంటికి చేరి, పొద్దు కురచయ్యే కాలంలో పోయినోళ్లు తిరిగి వస్తారని నమ్మేవాళ్లంట. మంటలు వేసేవాళ్లు, వాళ్లకని కూడు తీసిపెట్టేవాళ్లు. తర్వాత క్రైస్తవం వచ్చింది. సంఘం ఆ దినాల్లోనే పరిశుద్ధుల పండగ, వెనకనే మన సమాధుల పండగ పెట్టుకున్నాది. యాడిదాకా పాతది, యాడ్నుంచి కొత్తది అంటే చదువుకున్నోళ్లే ఇంకా కొట్లాడుకుంటాండారు. మా జేజినే చూడు. మతం మారి పెద్దల అమావాస్య మానేసింది గానీ, సమాధుల పండగ పొద్దున్నే రొట్టెలు కాల్చి, ప్రార్థన చేసి, వాకిట్లోకి మొదట వచ్చినోళ్లకు పెట్టేది. ఎవరికని అడిగితే, నోరు మూసుకోరా అనేది."

ఫోనులోనే ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన గొంతు తగ్గింది.

"ఈ యేడు మేము పోవడం లేదు నాయనా. కొత్త పాస్టరుగారు వచ్చినాడు. సమాధులకు దీపాలు పెట్టేది అన్యుల ఆచారమని ప్రసంగం చేసినాడు. పోయినోళ్లు దేవుని దగ్గర వెలుతురులో ఉండారు, వాళ్లకు మన కొవ్వొత్తి ఏం పని అన్నాడు. తప్పేం లేదు ఆ మాటలో. నేనూ ఒప్పుకున్న్యా. మీ అత్తే, ఆ దినంనుంచి సరిగ్గా తినడం లేదు" అన్నాడు.

అన్యులంటే ఎవరో నాకు తెలుసు, వాళ్లలో నేనొకణ్ణి. నాకు పాస్టరు మీదా కోపం రాలేదు. నా భార్యను తలుచుకున్నాను. ఇటు ఆకు వేయడానికి శాస్త్రం ఒప్పుకోదు, అటు దీపం పెట్టడానికి ప్రసంగం ఒప్పుకోదు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయింది నా పిల్ల. బతికుండగా ఇద్దరు తల్లుల మధ్య రాణిలా తిరిగిన మనిషి.

ఫోన్ పెట్టేసి చూస్తే అమ్మ బీరువా ముందుంది. చీర బయటికి తీసింది.

"సమాధుల పండగ ఎప్పుడు?" అని అడిగింది.

"ఎల్లుండి."

"పోదాం. రేపు పప్పు నానబెడతా."

"యాడికి పోతాండావో తెలుసామ్మా? శ్మశానానికి."

"తెలుసు. నా కోడలుండేది ఆడే గదా" అంది.

నవంబరు రెండు మధ్యాహ్నం కారులో బయల్దేరాం. అమ్మ ఒళ్లో డబ్బా నిండా బక్షాలు, కాళ్ల దగ్గర సంచి. నంద్యాల దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, "శ్మశానానికి పోయొస్తే స్నానం చెయ్యాల కదా, వాళ్లింట్లో నీళ్లు వేడిగా ఉంటాయా?" అని ఒక్కటే అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మమ్మల్ని వాకిట్లో చూసి మామ తబ్బిబ్బయ్యాడు. సంగతి చెప్తే, కాదనలేదు, పోదామనీ అనలేదు. మా అత్త మాత్రం లోపలికి పోయి చెప్పులేసుకొని వచ్చింది. అది చూసి ఆయనా భుజం మీద తువ్వాల వేసుకొని వెనకాల నడిచాడు. ఆ తువ్వాలను నేను గుర్తుపట్టాను. మా అంగడిదే.

పొద్దు గుంకుతున్నది. సమాధుల తోటలో జనం బాగానే ఉన్నారు. పాస్టరు ప్రసంగం అందరి చెవికీ ఎక్కినట్టు లేదు. సున్నం కొట్టిన సమాధులు, బంతిపూలు, అక్కడక్కడా కొవ్వొత్తులు. గేటు దగ్గర అమ్మ ఒక్క క్షణం ఆగింది. నా కూతురు చెయ్యి పట్టుకొని, కుడికాలు ముందుపెట్టి లోపలికి వచ్చింది. శ్మశానంలోకి కుడికాలు పెట్టి వచ్చిన మనిషిని నేను మా అమ్మనే చూశాను.

నల్లబండ ముందు కూర్చొని సంచిలోంచి దీపావళికి వాడిన ప్రమిదలు తీసింది. వత్తులు వేసింది, నూనె పోసింది. చుట్టూ అందరివీ కొవ్వొత్తులు, మావి ప్రమిదలు. నలుగురూ తిరిగి చూశారు. అమ్మ తలెత్తి మామను చూసింది.

"తప్పయితే చెప్పన్నా. ఎత్తేస్తా."

వెలిగించిన దీపం గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరిపోయింది. అప్పుడు మామ మోకాళ్లమీద కూర్చొని, భుజంమీది తువ్వాల తీసి గాలికి అడ్డం పట్టాడు. "ఇప్పుడు పెట్టమ్మా" అన్నాడు.

దీపాలు నిలిచాయి. అమ్మ చీర తీసింది. రవికగుడ్డ, పచ్చగాజులు, పూలు దానిమీద పెట్టింది. కుంకుమ పొట్లం కూడా తీసి, మా అత్త ఉత్త నుదురు చూసి, మళ్లీ సంచిలో వేసుకుంది.

"వదినా" అంది. "మా వీధిలో ఒక్క ముత్తైదువా దొరకలేదు నీ బిడ్డ పేరున ఇది తీసుకునేదానికి. నీ పెనిమిటి ఎదురుగ్గా ఉండాడు, నువ్వు ముత్తైదువువే గదా. తల్లికి ఇయ్యచ్చునో ఇయ్యకూడదో నాకు తెలీదు. నీకు తప్పనిపిస్తే వద్దు. నేను ఏమనుకోను."

మా అత్త చాలాసేపు ఆ చీరను చూసింది. ఆమె పుట్టినప్పటినుంచీ క్రైస్తవురాలు, వాయనం ఎట్లా పుచ్చుకుంటారో ఎవరూ నేర్పలేదు. అయినా చీర కొంగు రెండు చేతులా చాపి ఒడి పట్టింది.

"నా బిడ్డ పేరున పెడ్తాంటే వద్దంటానా వదినా" అంది.

అమ్మ చీరను ఆ కొంగులో పెట్టి, నా భార్య పేరు గట్టిగా చెప్పింది. మా వీధిలో గొంతు తగ్గించి చెప్పుకోవలసి వచ్చిన ఆ పేరు అక్కడ అందరికీ వినపడింది. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

తర్వాత అమ్మ డబ్బా తెరిచి బక్షం తుంచి మా అత్త చేతికిచ్చింది. ముత్తైదువ కడుపునిండా తినాలి, మధ్యలో లేవకూడదు. పాస్టరు ప్రసంగం విన్న నాటినుంచి మెతుకు సరిగ్గా ముట్టని మనిషి, సమాధి పక్కన కూర్చొని ఒకటి తినింది. ఇంకొకటి తినింది. "పల్చగా శానా బాగా చేసినావు వదినా" అంది. అమ్మ ఆ మాటకు అక్కడే తల వంచుకొని వెక్కివెక్కి ఏడ్చింది.

నా కూతురు ఇదంతా చూస్తూనే ఉంది. అమ్మమ్మ తినడం ముగించేదాకా ఆగి, దగ్గరికి పోయి అడిగింది.

"అమ్మమ్మా, అమ్మకు ఆకలి తీరిందా?"

మా అత్త చెయ్యి కడుక్కొని, దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఒళ్లో చిలకపచ్చ చీర, దానిమీద పిల్ల.

"నాకు తీరింది నాయనా" అంది. "ఇంక మీ అమ్మ ఎవరి తలుపూ కొట్టదులే."