బండి లేని గంట

ఎర్లిందా ఓల్వేరాకు కడుపుమంట పుట్టించింది యాదీరా కాదు. యాదీరా చెప్పిన మాట నిజం కావడం. ఎదుటివాళ్ళు తప్పు చేస్తే నాలుగు తిట్టుకుని హాయిగా పడుకోవచ్చు. వాళ్ళు ఒప్పు చేసినప్పుడే నిద్ర పట్టదు.

లోమా ఆల్తా కొండ మీద చెత్త బండి గడప గడపకూ పోదు. పోవడానికి అక్కడ వీధులుంటే కదా, ఉన్నవన్నీ మెట్లూ సందులూ. బండి సందు మొగలో ఆగుతుంది. దానికంటే ముందు ఒక మనిషి గంట కొట్టుకుంటూ నడుస్తుంది. ఆ చప్పుడు విని జనం సంచులు పట్టుకుని మెట్లు దిగి వస్తారు. పెనం మీద రొట్టె మాడుతున్నా, ఒంటి మీద సబ్బు నురగ ఉన్నా రావలసిందే, మళ్ళీ రేపటి దాకా బండి రాదు. అందుకే ఈ పనిలో ఉన్న శాసనం ఒక్కటే. వెనక బండి లేకుండా గంట కొట్టకూడదు. పిల్లలెవరైనా సరదాకి గంట ముట్టుకుంటే ఎర్లిందా చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటిచ్చేది.

ఆ గంట ఆమె తండ్రిది. ఆయన పనిచేసిన గని మూతబడిన రోజున, జీతం బాకీ ఎగ్గొట్టినవాళ్ళ మీద కోపంతో గేటు దగ్గరి గంట ఊడబెరుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడట. ఒకసారి మెట్ల మీద పడి దాని అంచు చిట్లింది. అప్పటి నుంచి ఖంగుమని మోగి, చివర్లో జలుబు చేసిన మనిషిలా కాస్త ముక్కుతో గీరుతుంది. మునిసిపాలిటీవాళ్ళు కొత్త గంట ఇస్తామన్నా ఆమె పుచ్చుకోలేదు. మొగుడు వేరే ఊరి మనిషితో లేచిపోయినప్పుడు కూడా ఈ గంట పట్టుకునే మర్నాడు పొద్దున్నే పనిలోకి వచ్చింది. కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది కూడా దీన్ని నమ్ముకునే.

పాత పద్ధతిలో బండి కింద సంత దగ్గర బయలుదేరేది. ఒక్కో సందే ఎక్కుకుంటూ, పైన చర్చి వీధి చేరేసరికి నెత్తిన మోయలేనంత బరువు. డ్రైవరు ఫిదెన్సియో క్లచ్చి తొక్కలేక కన్నతల్లిని తలుచుకునేవాడు. కాలిన వాసనకి పైవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అయినా ఎర్లిందాకి ఆ దారంటే ప్రాణం. కారణం, దారి చివర దోన్యా త్రాన్సితో అనే ఆవిడ ఇల్లు ఉంది. ఆ ముసలమ్మ రోజూ మొక్కజొన్న జావ, అదే ఆతోలె, దాల్చినచెక్క వేసి కాచి, నీలం మచ్చల పింగాణీ లోటాలో పోసి ఇచ్చేది. ఆ లోటా ఎర్లిందాది. ఆ ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టరు. ఎర్లిందా మెట్టు మీద కూర్చుని జావ తాగుతుంటే, ఎవరింట్లో పిల్ల పుట్టిందో, ఎవరి కోడలు అలిగిందో ముసలమ్మ పూసగుచ్చినట్టు చెప్పేది. కొండ మొత్తంలో తనకోసం ఎదురుచూసే గడప అదొక్కటే అనుకునేది ఎర్లిందా.

యాదీరాని పనిలోకి తెచ్చింది కూడా ఎర్లిందాయే. అంతకుముందు ఆ పిల్ల మూడు చక్రాల బండి మీద మంచినీళ్ళ డబ్బాలు వేసేది. గంట ఎలా పట్టుకోవాలో, కుక్కల్ని ఎలా అదిలించాలో, వెనక బండి లేకుండా గంట ఎందుకు కొట్టకూడదో, అన్నీ పక్కన నడిపించుకుని నేర్పింది. నేర్చుకున్నదాన్నిలే అని ఊరుకోకుండా ఆ పిల్ల ఒకరోజు మునిసిపాలిటీ మేస్త్రీ ముందే నోరు విప్పింది.

"నీళ్ళ డబ్బాలైతే ఎక్కేకొద్దీ బరువు తగ్గుద్ది సార్. చెత్త అట్టా కాదు, ఎక్కేకొద్దీ పెరుగుద్ది. మరి రెంటికీ ఒకటే దారెందుకు? ఖాళీ బండిని వెనక క్వారీ రోడ్డమ్మట పైకి తీసుకుపోయి, దిగుతా ఏరుకుంటే పోలా?"

మేస్త్రీ నోరు తెరుచుకుని చూశాడు. ఫిదెన్సియో నెత్తి కొట్టుకుని నవ్వాడు. ఎర్లిందా మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆమెకు తట్టకపోలేదు. తట్టినప్పుడల్లా, పైనుంచి మొదలుపెడితే జావ తాగుతూ కూర్చునే తీరిక ఉండదని ఆ ఆలోచనని పక్కకి తోసేసింది. ఇప్పుడు దాన్ని ఇంకొకరు పైకి చెప్పి మెప్పు కొట్టేశారు.

మేస్త్రీ రెండో బండి ఇప్పించాడు. పై సందులన్నీ యాదీరాకి, కింది సందులు ఫిదెన్సియో బండితో ఎర్లిందాకి. "నెలాఖరు దాకా చూద్దాం. పైవాళ్ళు ఫిర్యాదు చేస్తే పాత పద్ధతే. చెయ్యకపోతే ఇదే ఖాయం," అన్నాడు.

అప్పటి నుంచి ఎర్లిందా ఫిర్యాదు కోసం వానకి ఎదురుచూసే రైతులా ఎదురుచూసింది. ఒక్కటీ రాలేదు. పైగా పొగడ్తలు వచ్చాయి. సంతలో కూరకి నోపాల్ అనే నాగజెముడు ఆకులమ్మే ఆవిడ, "పైన ఇప్పుడు మధ్యాహ్నానికే శుభ్రమైపోతందంట కదే!" అంది. ఫిదెన్సియో కూడా సొంత మనిషై ఉండి నోరు కట్టుకోలేకపోయాడు.

"ఏం బుర్ర వదినా ఆ పిల్లది! బరువుతో ఆ ఎక్కుడు తప్పించి నా మోకాలు బతికించింది."

"అయితే నీ మోకాలికి చర్చిలో కొవ్వొత్తి వెలిగించుకో, పో."

"నీకెందుకే అంత మంట? నీకూ పని తగ్గింది కదా."

"తగ్గమని నేనడిగానా?"

ఒకరోజు కింద సందులో నిలబడి తలెత్తి చూస్తే, దూరంగా ముసలమ్మ మెట్ల మీద యాదీరా కూర్చుని ఏదో తాగుతూ కనబడింది. అసూయకి కళ్ళజోడు అక్కర్లేదు. అంత దూరం నుంచీ ఎర్లిందాకి ఆ లోటా నీలంగా కనబడింది, దాని మీది మచ్చలు కూడా కనబడ్డాయి. పాలుపోసి పెంచిన పామని గొణుక్కుంది. తన లోటాని ఇంకొకత్తె నోటికి ఆనించుకుందని ఉడికిపోయినంతగా, మొగుడు లేచిపోయినప్పుడు కూడా ఉడికిపోలేదు. మొగుడు ఎటూ పనికిమాలినవాడు, లోటా అలాంటిది కాదు.

నెలాఖరు దగ్గర పడింది. ఒక పొద్దున షెడ్డులో ఫిదెన్సియో బండికి టైరు మారుస్తున్నాడు. పన్ను నొప్పి, మందు తెచ్చుకుంటానని చెప్పి ఎర్లిందా గంట శాలువా కింద పెట్టుకుని మెట్ల దారిన పైకి ఎక్కింది. యాదీరా బండి క్వారీ రోడ్డు తిరిగి పైకి చేరడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ఈలోగా ఒకసారి గంట కొట్టి మాయమైపోతే చాలు. జనం సంచులతో దిగుతారు, బండి ఉండదు. కుక్కలు సంచులు చింపుతాయి, వీధి కంపు కొడుతుంది, తిట్లు యాదీరాకి తగులుతాయి. ఫిర్యాదు దానంతటదే నడుచుకుంటూ మేస్త్రీ దగ్గరికి పోతుంది. చర్చి గోడ వెనక నిలబడి, శాలువా ముఖం మీదికి లాక్కుని, గంట తీసి కొట్టింది.

గంట ఎప్పటిలాగే పలికింది. ఖంగుమని మోగి, చివర్లో ముక్కుతో గీరింది.

ఆమె మరిచిపోయిందదే. రోజూ చేతిలో ఉండేదాని గొంతు చేతికి తెలియదు, దూరాన ఉండి వినేవాళ్ళకే తెలుస్తుంది. తలుపులు మామూలుగా తెరుచుకోలేదు, దడదడా తెరుచుకున్నాయి.

"ఒసేయ్, ఎర్లిందా గంట!"

"మన మనిషి మళ్ళీ వచ్చింది!"

సగం గడ్డం గీసుకున్న మనిషి ఒకడు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. చేతిలో సంచీ లేనివాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. ఆమె తప్పుకుందామనుకునేలోపే గోడ మలుపులో అందరూ చుట్టుముట్టారు. ఒకామె భుజం పట్టుకుని ఊపింది. "ఏంటే, అలిగి కింద కూర్చున్నావా ఇన్నాళ్ళూ? ఆ పిల్ల మంచిదే గానీ, గంట కొడితే బడి గంటలా ఉంటదే. నీ గంట లేకపోతే పొద్దు పొడిచినట్టే లేదు," అంది. 

ఇంతలో పైమెట్ల మీద నుంచి పిలుపు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడం ఎన్నడో మానేసి, సంచీ కూడా పక్కింటివాళ్ళతో పంపే దోన్యా త్రాన్సితో, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. ఒక చేతిలో పొగలు కక్కుతున్న నీలం మచ్చల లోటా.

"ఎక్కడే లిందా? చల్లారిపోద్ది, పట్టుకో!"

ఎర్లిందా లోటా అందుకుంది. "ఇది... ఆ పిల్లకి ఇవ్వలేదా అవ్వా?"

"దానికి ప్లాస్టిక్ గ్లాసు చాల్లే. నీ లోటా తోమి బోర్లించి పెట్టా, ఎప్పుడో వస్తావని."

కోరుకున్నదంతా చేతిలోకి వచ్చింది. అప్పుడే ముసలమ్మ మెడ సాచి ఆమె వెనక్కి చూసింది.

"మరి బండేదే?"

"వస్తోందవ్వా," అంది ఎర్లిందా.

అందరూ నిలబడ్డారు. ముందు నవ్వుతూ నిలబడ్డారు, తర్వాత ఊరికే నిలబడ్డారు. ఒకామె ఇంట్లో పాలు పొంగిన వాసన వచ్చింది, తిట్టుకుంటూ పరిగెత్తింది. ఒక కుక్క సంచీ లాగింది. ఎముకలూ మొక్కజొన్న తొక్కలూ పసిపిల్ల గుడ్డలూ మెట్లమ్మట దొర్లాయి. ఎర్లిందా లోటా దించలేదు, తాగనూ లేదు. ముసలమ్మ నిలబడలేక చర్చి గోడకి చేరగిలపడింది.  

చివరికి బండి వచ్చింది, కింద నుంచి కాదు, పై నుంచి. ముందు యాదీరా కొత్త గంట కొట్టుకుంటూ నడిచి వచ్చి, జనాన్నీ చెత్తనీ మధ్యలో నిలబడ్డ ఎర్లిందానీ చూసి ఆగిపోయింది. విషయం అందరికీ ఒక్కసారే అర్థమైంది. నురగ మనిషి ముఖం తుడుచుకుని, "బండి లేకుండా కొట్టావా? నువ్వా?" అన్నాడు. అతను అరవలేదు. అరిచి ఉంటే ఎర్లిందా కూడా ఎదురు అరిచి ఉండేది.

యాదీరా వంగి తొక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఎర్లిందా లోటా పక్కన పెట్టి వంగబోతే, ఆ పిల్ల దగ్గరికి వచ్చి చిన్నగా అంది.

"రోజుకి ఎన్ని గడపలు తొక్కుతానో అన్ని గడపల్లోనూ నీ పేరేనక్కా. లిందా అయితే ఇట్టా చేసేది, లిందా అయితే అట్టా నవ్వేది. వినలేక చచ్చాను. నీకేం తక్కువైందని ఈ పని చేశావు?"

 ఎర్లిందా ముసలమ్మ వైపు తిరిగింది.

"తాగెయ్," అంది ముసలమ్మ. "నీకోసమే కాచింది. పారబొయ్యలేను."

అందరూ చూస్తుండగా ఎర్లిందా చల్లారిన జావ నిలబడి తాగింది. ముసలమ్మ లోటా తీసుకుని, పక్కింటి కుర్రదాని భుజం ఆసరాతో వెనుదిరిగింది. "ఈ మోకాళ్ళతో ఇంకోసారి దిగలేనే. ఇక గంట విని బయటికి రాను, బండి కనబడితేనే వస్తా," అంది వెళుతూ.

ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదు, యాదీరా మీదా, ఎర్లిందా మీదా. నెలాఖరున పై సందులు యాదీరాకే ఖాయమయ్యాయి. కానీ లోమా ఆల్తాలో నోటి మాట చెత్త బండికంటే ముందే కిందికి దిగుతుంది. కింది సందుల్లో ఎర్లిందా గంట కొడితే ఇప్పుడు తలుపులు తెరుచుకోవు, కిటికీలు తెరుచుకుంటాయి. తల బయటికి పెట్టి, బండి ఉందో లేదో చూసుకుని, అప్పుడు సంచీ కోసం లోపలికి వెళతారు. దాంతో ఒక్కో సందూ ఎంతకీ తెమలదు, బండి రోజూ ఆలస్యం. చూసి చూసి ఫిదెన్సియో ఒకరోజు బండిని ముందుకి పోనిచ్చాడు. "ఏం చేస్తాం వదినా, బండి కనబడితే గానీ కదలడం లేదు. నువ్వు వెనక రా," అన్నాడు. ఆ కొండ మీద గంట వెనక నడవడం అదే మొదలు.

కొన్నాళ్ళకి యాదీరా తన పని ముగించుకుని కిందికి వచ్చింది. చేతిలో పాత కాగితంలో చుట్టిన పొట్లం.

"అవ్వ ఇచ్చి రమ్మందక్కా. నీదేనంట."

విప్పక్కర్లేకుండానే అది తన లోటాయేనని ఎర్లిందాకి తెలిసింది. పొట్లం చంకలో పెట్టుకుంది. కొండ పైకి చూసింది, తర్వాత యాదీరా చేతిలోని కొత్త గంటని చూసింది. తళతళలాడుతోంది. దాన్ని విని పైన జనం మొదటి దెబ్బకే మెట్లు దిగుతారు. ఆ సంగతి తలుచుకుంటే ఇంత జరిగాక కూడా ఎర్లిందా కడుపులో మంట మండుతూనే ఉంది.

"నా గంటకి వాళ్ళు రారనుకున్నావా ఏంటి?" అని, యాదీరా వినాలనే, తన గంట గట్టిగా కొట్టింది.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఒకామె తల బయటికి పెట్టింది.

"బండి ఉందా లిందా?"

యాదీరా తల దించుకుంది.  ఎర్లిందా, ముందున్న బండి కనబడేలా పక్కకి జరిగి నిలబడింది.

"ఉందమ్మా," అంది. "చూసుకో."