అవ్వ పొయ్యి, వాళ్ల ఫొటో

పాత పొయ్యి పగలగొడితే తప్ప ఫొటో తియ్యరట! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది బచ్చన్నపేట దగ్గర పల్లె. మా అమ్మను అవ్వా అని పిలుస్తాను. పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చి జనగామ బస్టాండులో అమ్మడం ఆమె బతుకుదెరువు. చేనులో మిగిలిన పత్తికట్టెలే వంటచెరకు. మట్టిపొయ్యి తన చేతులతో వేసుకున్నదే. శుక్రవారం శుక్రవారం ఎర్రమట్టితో అలికి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే అగ్గి రాజేస్తుంది. పొరపాటున కాలు తగిలితే తాకి కళ్లకద్దుకుంటుంది.

పోయినేడు ఓ కంపెనీవాళ్లు పంచాయతీ దగ్గర మీటింగు పెట్టి, ఇంటింటికీ పొగరాని ఇనుపపొయ్యి ఉచితంగా ఇస్తామన్నారు. ఊళ్లో పొగ తగ్గిందని చూపించి, ఆ తగ్గిన లెక్కను కార్బన్ క్రెడిట్ల పేరుతో ఎక్కడో పొగ వదిలే ఫ్యాక్టరీలకు అమ్ముకుంటారని నాకు తర్వాత తెలిసింది. మీటింగులో ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. పాత పొయ్యి ఉండకూడదని, పగలగొట్టినట్టు రుజువుకు ఫొటో కావాలని మాత్రం గట్టిగా చెప్పారు.

పొగ మంచిదని నేననను. అవ్వ దగ్గు వింటూ పెరిగాను.

"ఎలిగే పొయ్యిని పలగ్గొట్టుడేంది సారూ? ఓ మూలకుంటది, మీకేమడ్డం?" అని, కొత్త పొయ్యి ఇవ్వడానికి ఇంటికొచ్చిన కంపెనీ సర్వే అతన్ని అవ్వ అడిగింది.

"రూలమ్మా" అని సర్వే అతను తనే గడ్డపార అందుకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొయ్యి పెళ్లలు పెళ్లలుగా విరిగాక, వాటి పక్కనే ఆమెను నిలబెట్టి, ఇనుపపొయ్యి చేతికిచ్చి, ఫొటోకు నవ్వమన్నాడు.

దాని మీద చాయ కాగుతుంది, అంతే. రొట్టెల పెనం నిలవదు. రొట్టె నడుమ మాడి, అంచులు పచ్చిగా ఉంటాయి. అవ్వ బస్టాండుకు పోవడం మానేసింది. పంచాయతీలో అడిగితే మండలాఫీసుకు పొమ్మన్నారు, అక్కడ కంపెనీని అడగమన్నారు. కంపెనీవాళ్లు ఫోనెత్తితే ఒట్టు.

చివరికి అవ్వ బర్రెల కొట్టం వెనక కొత్తగా మట్టిపొయ్యి వేసుకుంది. కంపెనీ జీపు చప్పుడైతే రేకు అడ్డం పెడుతుంది. సొంత పొయ్యిని దొంగసొత్తులా దాచుకునే గతి పట్టించారు. నేను ఉద్యోగం చేసే భూపాలపల్లిలో కిటికీ తెరిస్తే కరెంటు ప్లాంటు పొగగొట్టం కనిపిస్తుంది. దాని ముందుకు గడ్డపార పట్టుకుని వెళ్లే మొనగాడెవడూ ఇంతవరకు నాకు కనపడలేదు.

మొన్న నేను ఊళ్లో ఉండగానే అదే సర్వే అతను తనిఖీకి వచ్చాడు. అవ్వ ఇనుపపొయ్యి తుడిచి ముందు పెట్టింది. ఎండనపడి వచ్చిన మనిషిని ఉత్తగా పంపలేక వేడి రొట్టె, పచ్చిమిర్చి తొక్కు కూడా పెట్టింది. ఇష్టంగా తిన్నాడు. కొట్టం వెనక ఇంకా పొగ లేస్తూనే ఉంది. చూడలేదో, చూసీ చూడనట్టున్నాడో!

"మస్తుగున్నది అవ్వా! సూసినవా, కొత్త పొయ్యి మీద ఎంత మంచిగ కాలిందో!" అంటూ, పొయ్యి బాగా పనిచేస్తోందని ఫోనులో నొక్కుకున్నాడు.

రేకు లాగి చూపిద్దామని నేను విసురుగా లేచాను. అవ్వ నా రెక్క పట్టి ఆపింది.

"ఊకో బిడ్డా," అంది మెల్లగా, "గిది గూడ పలగ్గొడ్తరు."