నెల ముందు పెట్టిన తేదీ

ఆ మనిషి గొంతు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నోట్స్ రాసుకునే ఒక యాప్‌ని తెలుగులోకి మార్చే పని నేను ముమ్మిడివరంలో ఇంటి నుంచి చేసేదాన్ని. దాన్ని సరిచూసే ఆయన ఉండేది హైదరాబాదులో. తేదీల్లో నేను రోజు ముందు, నెల తర్వాత పెట్టాను. బడి రిజిస్టర్లోనూ ఆసుపత్రి చీటీలోనూ అలాగే కదా ఉంటుంది. ఆయన ఫోన్ చేశాడు.

"జూలై ఎనిమిది అంటారా, ఎనిమిది జూలై అంటారా?"

"జూలై ఎనిమిదేనండీ."

"మరి నెలే ముందు. అంకెల్లోనూ అంతే."

నోటితో చెప్పే తీరు వేరు, అంకెల్లో రాసే తీరు వేరు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం ఎరగని నా నోరు మాత్రం "ఆయ్, అలాగేనండీ" అంది. ఆ సాయంత్రం డైరీలో ఆయన్ని మూడు పేజీలు తిట్టాను.

గొప్పకి పోయి ఆ యాప్‌ని అమ్మ ఫోన్లో పెట్టిందీ నేనే. రిటైరైన టీచరు అమ్మ. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది. కంట్లో శుక్లం వచ్చి, అక్షరాలు అలుక్కుపోతున్నాయని మానేసింది. ఆపరేషన్‌కి జూలై ఎనిమిది ఇచ్చారని మే నెలలోనే యాప్‌లో పెట్టుకుంది. అప్పటికింకా రోజే ముందు, 08/07 అని పడింది. తేదీ ఎప్పుడని నేను అడగలేదు, యాప్ ఉందిగా అనుకున్నాను. జూన్‌లో అప్‌డేట్‌తో మా కొత్త తెలుగు వచ్చి దాన్ని 07/08 చేసింది. అమ్మ యాప్‌నే నమ్మి ఆగస్టు ఏడనుకుంది.

ఆగస్టు ఏడున సంచి సర్దుకుని ఇద్దరం అమలాపురం ఆసుపత్రికి వెళ్లాం.

"పోయిన నెల రావాల్సిందండీ. ఇప్పుడొచ్చేరేంటి?" అంది కౌంటర్లో అమ్మాయి. మళ్లీ అక్టోబరులోనే అంది.

తిరుగు ఆటోలో అమ్మ, తన కన్నే తప్పు చూసుంటుందంది. అలాగే వదిలేయొచ్చు. వదల్లేక మొత్తం చెప్పేశాను.

"ఆయనకప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నోరు రాలేదమ్మా."

"చెయ్యి కూడా రాలేదా? రోజూ అన్నేసి పేజీలు రాస్తావు. ఆయనకో ముక్క రాయలేకపోయావా?"

ఇంటికి రాగానే రాశాను, ఒక్క 'అండీ' లేకుండా. మీరు ఒప్పుకున్నారు కదా అని బదులిచ్చాడు. అది నిజం కావడమే నాకు మరీ మంట.

అమ్మ స్కెచ్ పెన్ను అడిగింది. నేను రాస్తానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. గోడ కేలండర్‌కి ముఖం ఆనించి, 'అక్టోబరు ఆరు, కన్ను' అని తనే రాసుకుంది. అక్షరాలు పక్క గడిలోకి పోయాయి.