ఈనక్ ప్రాసర్ తిన్న రొట్టె

ఈనక్ ప్రాసర్ నోట చచ్చిన మాటలే పలికేవి. జనం వాడడం మానేసి తరాలు గడిచిన మాట ఏదైనా ఆయన నాలుక మీద నిక్షేపంగా బతికుండేది. అదేం చిత్రమో, ఎవరింట్లోనో గిన్నె ఉడికే వేళకే అది గుర్తొచ్చేది.

శ్రాప్‌షైర్ కొండల్లో, వేల్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో చలికాలమంతా పొగమంచే. ఆ మంచులోంచి ముందు చేతికర్ర చప్పుడు వచ్చేది, తర్వాత పొడుగాటి నల్లకోటు, ఆ పైన మాట. ఆ వరస చూస్తే పక్కింటి కెజయా ప్రీస్‌కి ఒళ్లు జలదరించేది. పేరు పెట్టి పిలిస్తే చచ్చినవాళ్లు లేచి వస్తారని ఆవిడ నమ్మకం. మరి చచ్చిన మాటల్ని పిలిస్తే ఏమొస్తుందో ఎవరికి తెలుసు?

"నన్షన్ వేళయింది," అనేవాడు గుమ్మంలో నిలబడి.

"అంటే?"

"పూర్వం మధ్యాహ్నం పని ఆపి తినే చిరుతిండి. ఇప్పుడా మాటా లేదు, ఆ తిండీ లేదు."

"నీ ఆకలి మాత్రం బాగానే బతికుంది," అంటూనే ఆవిడ రొట్టె కోసేది.

కమ్మరి జోబ్ భార్య ప్రసవించిన మర్నాడు ఈనక్ వాళ్లింట్లో తేలాడు. "గ్రోనింగ్ చీజ్ ఏది?" అన్నాడు. పురిటింట గుండ్రటి పెద్ద చీజ్ దిమ్మ పెట్టుకుని, అందరూ మధ్యలోంచి తింటూ పోయి, మిగిలిన వలయంలోంచి పసిబిడ్డను దాటించడం ఒకప్పటి ఆచారమట.

"బిడ్డను దాటించడానికా, నీ పొట్ట నింపడానికా?" అన్నాడు జోబ్.

"దేనికైనా ముందు మధ్యలోంచి తినాలి కదా నాయనా," అని ఈనక్ బాలింత మంచం పక్కనే కుర్చీ లాక్కున్నాడు.

చలి ముదిరాక సైలస్ బెబ్ పోయాడు. ఊళ్లో ఎవరూ ఏడవలేదు. గొర్రెల్నీ, కుక్కనీ, భార్య జూడిత్‌నీ ఒకే కర్రతో అదిలించిన మనిషి. శవాన్ని ముందుగదిలో పడుకోబెట్టారు. జూడిత్ ఆ పక్కన కుర్చీలోంచి లేవడం లేదు, పచ్చి మంచినీళ్లైనా ముట్టడం లేదు.

"ఆయన వెళ్లలేదు కెజయా, ఇక్కడే ఉన్నాడు," అంది.

కెజయా కొట్టిపారేద్దామనుకుంది. కానీ గాలి చొరబడని ఆ గదిలో కొవ్వొత్తి మంట శవం వైపు వంగి ఉంది. సైలస్ కుక్క గడప అవతలే పడుకుని సన్నగా మూలుగుతోంది. పైన, ఎవరూ లేని గదిలో, చెక్కనేల మీద అడుగు పడినట్టు కిర్రుమంది.

"పాపాల బరువుకి కదల్లేకపోతున్నాడు," అంది జూడిత్. "పాస్టరుగారి ప్రార్థన కూడా పనిచెయ్యలేదు. ఆయన తినకుండా నేనెప్పుడూ తినలేదు. ఇప్పుడెలా తింటాను?"

వీధిలో కర్ర చప్పుడైంది. "రొట్టె వాసన తగిలినట్టుంది," అన్నాడు శవాన్ని చూడ్డానికొచ్చిన జోబ్.

ఈనక్ లోపలికొచ్చి వంగిన మంటను కాసేపు చూశాడు. "దీనికో మాట ఉంది. సిన్ ఈటర్. అంటే పాపాలు తినేవాడు. శవం గుండెల మీద రొట్టె పెడితే పాపాలన్నీ దాన్లోకి దిగుతాయి. చచ్చినవాడు తేలిగ్గా వెళ్లిపోతాడు."

"తిన్నవాడో?" అంది కెజయా.

"వాడి మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాత వాడి మొహం ఎవరూ చూడరు."

ఎవరూ నవ్వలేదు. జూడిత్ అప్పుడు లేచింది. రొట్టె, బీరు తెచ్చింది.

"పాపాలు పట్టాలంటే రొట్టెలో చోటు చెయ్యాలి. ఇచ్చే మనిషే తినాలి," అన్నాడు ఈనక్.

జూడిత్ ఒక ముక్క తింది.

"ఇంకో ముక్క. సైలస్ పాపాలకి ఈ చోటేం చాలుతుంది?"

ఆ లెక్కన సగం రొట్టె జూడిత్ కడుపులోకే పోయింది. మిగిలిన సగం శవం గుండెల మీద పెట్టారు. ఈనక్ దాన్ని తీసుకుని, "వెళ్లు సైలస్. నీది నేను మోస్తాను," అన్నాడు. నమిలాడు. ఆయన పెదాలు నీలంగా మారడం కెజయా చూసింది. మంట నిటారుగా లేచింది. కుక్క గడప దాటి వచ్చి జూడిత్ పాదాల మీద తల వాల్చింది.

ఆ రోజునుంచి ఊరు ఈనక్‌ను చూస్తే తప్పుకుంది. జోబ్ ఎదురుపడితే వీధి దాటి అవతలికి పోయేవాడు. కొట్టువాళ్లు సరుకు గుమ్మం బయట పెట్టి తలుపేసుకునేవాళ్లు. కర్ర చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు లేకపోతే కెజయాకి ముద్ద దిగలేదు. ఒక మధ్యాహ్నం తనే ఆయన ఇంటికి వెళ్లింది.

"మా అమ్మమ్మ చిన్నప్పుడు సిన్ ఈటర్‌ని కళ్లారా చూసింది. ఇచ్చేవాళ్లు తినాలన్నది అందులో ఎక్కడా లేదు."

"లేదు," అన్నాడు ఈనక్.

"మరి?"

"ఆ పిల్ల అప్పటికి ఏమీ తినలేదు కదా."

కెజయాకి అప్పుడు గుర్తొచ్చింది. తన భర్త పోయిన ఏడాది పొయ్యి వెలిగించబుద్ధి కాక కూర్చుంటే, రోజూ నన్షన్ అంటూ వచ్చి ప్రాణం తీసింది ఈయనే. ఈయన కోసం రొట్టె కాల్చక తప్పలేదు. కాల్చాక ఎదురుగా కూర్చుని తినకా తప్పలేదు. జోబ్ భార్య కూడా పురుడయ్యాక తిండి తోసేస్తోందనే కదా అప్పుడు విన్నది. ఎక్కడికి వెళ్లినా ఈ మనిషి పళ్లెంలో సగం అలాగే మిగిలేది.

"ఆ పాపాలు నిజంగా ఎక్కాయా?"

"ఏమో. రొట్టె మాత్రం మంచుగడ్డలా దిగింది. ఆ అడుగులు ఇప్పుడు మా ఇంట్లో వినిపిస్తున్నాయి."

పైన కిర్రుమంది. కెజయా గుండె చిక్కబట్టుకుని పైకి చూసింది. "కాస్త నెమ్మదిగా తిరుగు సైలస్, మాట్లాడుకుంటున్నాం," అంది.

ఈనక్ పొయ్యిలో బూడిద చల్లారిపోయి ఉంది.

"నువ్వో ఆచారం మర్చిపోయావు," అందావిడ. "సిన్ ఈటర్‌కి చలికాలం పోయేదాకా పక్కింటివాళ్లే భోజనం పెట్టాలి. మా అమ్మమ్మ చెప్పింది."

"దానికో మాట ఉండాలే."

కెజయా మాట కోసం గదంతా కళ్లతో వెతికింది. పొయ్యి పక్కన దుమ్ము పట్టిన గిన్నె మూత కనిపించింది. "లిడ్డింగ్," అంది. "గిన్నె మూత తీసి పిలవడమన్నమాట."

ఇంగ్లండులో చచ్చిన ప్రతి మాటనూ పేరుపేరునా ఎరిగిన ఈనక్ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత లేచి కోటు అందుకున్నాడు.

"అవునవును, లిడ్డింగ్," అన్నాడు. "చాలా పాత మాట."