జవాబు చెప్పాకే భోజనం

బారసాల అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట మీద మా తిరువూరు మొత్తానికీ అన్నం వండిపెట్టొచ్చు.

డెబ్బయ్యవ దశకంలో, నా అయిదో ఏట, మా వీధి చివర రేకుల గదిలో బాలవాడి అనే చిన్నపిల్లల బడి ఉండేది. అక్కడ ఒక్కరే టీచరు, చర్చికి వెళ్ళే మనిషి. ఓ రోజు పస్కా పండుగ గురించి చెప్పారు.

"ఆ రాత్రి యూదుల ఇళ్ళల్లో అందరికంటే చిన్నవాడు లేచి, 'రోజూ లేనిది ఇవాళెందుకిలా?' అని అడుగుతాడ్రా. తమవాళ్ళు బానిసతనంలోంచి ఎలా బయటపడ్డారో పెద్దవాళ్ళు చెప్పాలి. ఆ తర్వాతే భోజనం. అడిగి తెలుసుకున్నదే పిల్లలకి గుర్తుంటుందని."

ఆ రోజు నుంచి మాకూ అదే రూలు. గుంపులో అందరికంటే చిన్నవాణ్ణి నేను. బడిలో మధ్యాహ్నం పెట్టే ఉప్మా గరిటెకంటే రెండంగుళాలు పొడుగుండేవాణ్ణేమో. నేను ఏదో ఒకటి అడిగితేగాని ఆ గరిటె కదిలేది కాదు. "మధ్యాహ్నం నా నీడ ఎటు పోతుంది టీచర్?" అని ఓసారి అడిగాను. ఆవిడ అందరినీ ఎండలోకి తోలి, "మీరే వెతకండి" అన్నారు. కాళ్ళు కాలి గంతులేస్తూ వెతికాం. నీడ పాదాల కిందే నక్కి ఉంది! లోపల ఉప్మా సిమెంటులా గట్టిపడింది. అయినా ఎవడూ ఏడవలేదు.

అంతలో మా తమ్ముడి బారసాల వచ్చింది. అమ్మ టీచర్ని కూడా పిలిచింది. పందిరి ఎంత పెద్దదంటే, ఈ చివర మొదలుపెట్టిన పప్పు ఆ చివరికి చేరేలోగా ఇంకో కంది పంట చేతికొచ్చేది. అంత పందిట్లోనూ టీచరుకి ఒక్క ఆకు వేసే చోటు దొరకలేదు. పశువుల చావిట్లో, గేదెల పక్కన వేశారు.

తమ్ముడికింకా మాటలు రాలేదు. కాబట్టి అడగాల్సిన చిన్నవాణ్ణి నేనే. లేచి నిలబడ్డాను.

"తాతయ్యా, బడిలో నా పక్కనే కూర్చునే టీచరు ఇవాళ చావిట్లో ఎందుకు కూర్చున్నారు?"

"నోర్మూసుకుని తినరా!" తాతయ్య అరుపుకి రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు రాలి ఉంటాయి.

"జవాబు చెప్పేదాకా ఎవరూ తినకూడదు తాతయ్యా. యూదులు తినరు."

"యూదులెవర్రా? పక్కూరు పెనుగొలనోళ్ళా?" అన్నాడు మావయ్య, నోట్లో గారెతో.

తాతయ్య చావిడి వైపు తిరిగాడు. "ఏం పంతులమ్మా, పిల్లలకి ఇదేనా నువ్వు నేర్పేది?"

"అడగడం నేర్పానండీ. చెప్పాల్సింది మీరు." టీచరు ఆకు ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు.

"రేపట్నుంచి వీడు ఆ బడికి వెళ్ళడు" అన్నాడు తాతయ్య. నేను నేల మీద పడి దొర్లాను. నా ఏడుపుకి గేదెలు కూడా మేత మానేశాయి. పందిట్లో మాత్రం ఒక్కడూ తిండి మానలేదు. పులిహోర తిన్నారు, బూరెలు తిన్నారు, మజ్జిగ జుర్రి బ్రేవుమన్నారు. ఇన్నేళ్ళయినా ఆ త్రేన్పులు నా చెవుల్లోంచి పోవు.

మర్నాడు నన్ను ఓ ప్రైవేటు బడిలో పడేశారు. అక్కడి మాస్టారి బెత్తం ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది. చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని కూర్చుంటే అదే చదువని ఆయన నమ్మకం. తాతయ్యకి ఆ బడి తెగ నచ్చింది.

ఓ పొద్దున కిటికీలోంచి చూస్తే, బాలవాడి పిల్లల్ని వెంటేసుకుని టీచరు రోడ్డు మీద వెళ్తున్నారు. ఎవడో ఏదో అడిగినట్టున్నాడు, అందరూ తలెత్తి ఆకాశంలో వెతుకుతున్నారు. పిలుద్దామనుకున్నాను. నోటి మీద వేలుంది.