కత్తెర మాస్టారు తనకు తానే వేసుకున్న మార్కులు

మా ఊరి బడి గురించి అడిగితే మా ఆయన గురించి చెప్పాలి. మా ఆయన గురించి అడిగితే బడి గురించి చెప్పాలి. రెండింటినీ విడదీద్దామని కొత్తలో చాలా తంటాలు పడ్డాను, నా వల్ల కాలేదు.

ఆయన దర్జీ. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఊరంతా కలిసి బడి కట్టుకుంది. తాపీ మేస్త్రి పైసా కూలి అడక్కుండా గోడలు లేపాడు, ఆడవాళ్ళం ఇసుక మోశాం, పైన రేకులు వేశాం. బడి అయితే నిలిచింది కానీ, పంతుళ్ళే నిలవలేదు. మొదటాయన బురదలో ఒక చెప్పు కూరుకుపోతే, కోపంతో రెండోది కూడా అక్కడే విసిరేసి బస్సెక్కాడు. రెండో ఆయనకు మా నీళ్ళు పడలేదు. మూడో ఆమె బంగారం, పాటలు కట్టి ఎక్కాలు నేర్పేది. పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. అప్పుడు మేస్త్రి మా కొట్టుకొచ్చి, "నువ్వు తొమ్మిది దాకా చదివావు కదయ్యా, కొత్త పంతులు వచ్చేదాకా పిల్లల్ని కాస్త కూర్చోబెట్టు," అన్నాడు.

ఈయన మెడలో టేపు, చెవి మీద ఎర్ర పెన్సిలు అలాగే ఉంచుకుని వెళ్ళాడు. కొత్త పంతులు ఇరవై ఏళ్ళయినా రాలేదు. మా మిషను నా కాళ్ళ కిందికి వచ్చింది, ఆయన పేరు కత్తెర మాస్టారు అయింది. ఊరు పోగు చేసి ఇచ్చేదీ, నేను కుట్టి తెచ్చేదీ కలిపి ఇల్లు గడిచింది.

పాఠం చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు, కానీ మార్కుల దగ్గర మాత్రం పిసినారి. లెక్క మొత్తం సరిగ్గా చేసి చివర్లో తప్పినా సున్నాయే! అదేమని అడిగితే, "కొలత తప్పిన చొక్కాకి, కుట్టు బాగుందని ఎవరైనా డబ్బులిస్తారా?" అనేవాడు. ఇంకో రూలు కూడా ఉండేది. ఆయన దిద్దడం మొదలుపెట్టాక పిల్లలు ఒక్క అక్షరం మార్చకూడదు. పెన్సిలు వాలిందా, అయిపోయిందంతే.

ఆ సున్నా నాకూ తగిలింది. మొదటి ఏడాది ఆదివారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకూ చదువు చెప్పేవాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను, పలక ఒళ్ళో పెట్టుకుని. ఒక లెక్క ఇచ్చాడు, చేశాను, అందరి ముందూ ఇంత సున్నా చుట్టాడు. మేస్త్రి పెళ్ళాం కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండి పలక అక్కడే పడేసి వచ్చాను. మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు! పిలవడానికి ఆయనా రాలేదు.

అలా సాగుతుండగా పోయిన ఏడాది ఒక ఆఫీసరు వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు కానీ చల్లగా బాంబు వేశాడు: పది పాసవ్వని మనిషి పాఠం చెప్పకూడదట. బడులు తెరిచేలోపు మాస్టారు పది పాసైతే సరే, లేకపోతే బడికి తాళం. పిల్లలు వాగు దాటి పక్కూరికి పోవాలి. వానాకాలం మా వాగు ఎడ్లబండినే దాటనివ్వదు, ఇంక పసిపిల్లల్ని దాటనిస్తుందా? ఆడపిల్లల్ని అసలు ఎవరు పంపుతారు?

ఇక చూడండి మా ఊరి హడావిడి! యాభై దగ్గర పడ్డ మనిషిని పరీక్షకి తయారు చేయడానికి ఊరు ఊరంతా నడుం కట్టింది. పాలాయన కూతురు, ఈయన దగ్గరే అక్షరాలు దిద్దుకుని ఇప్పుడు టౌన్లో టీచరుగా ఉన్న పిల్ల, రోజూ సైకిలు మీద వచ్చి లెక్కలు చెప్పేది. "మాస్టారూ, ఇది నిన్ననే చెప్పాను కదా!" అని ఆ పిల్ల గదమాయిస్తుంటే, మా ఆయన బిక్కమొహం వేసేవాడు. నాకు మిషను మీద కూర్చుని నవ్వాపుకోవడమే పెద్ద పని.

అన్ని పరీక్షలూ బాగా రాశాడు. లెక్కల రోజు మాత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"తప్పానే," అన్నాడు.

"ఫలితాలు రాకుండా నీకెవరు చెప్పారు?"

"నేనే దిద్దుకున్నాను."

నాకు అర్థం కాలేదు. మెల్లగా లాగితే బయటపడింది. తొందరగా రాసేశాడట. ఎదురుగా రాసిన కాగితం ఉంది, చెవి మీద ఎర్ర పెన్సిలు ఉంది. చెయ్యి ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ మొదటి పేజీ నుంచి టిక్కులు కొట్టి, సున్నాలు చుట్టి, చివర్న మార్కులు కూడా కూడి వేశాడు! వందకి ముప్పై మూడు. పాసుకి ముప్పై అయిదు కావాలి.

"రెండు మార్కుల్లో పోయిందా!"

"అసలు ముప్పై అయిదే వచ్చాయి. దస్తూరి బాగాలేదని రెండు కోశాను."

"ఓరి దేవుడోయ్! ఏమయ్యా, తప్పని తెలిశాక దిద్దుకుని చావొచ్చు కదా? టైముంది కదా?"

ఆయన నా వంక అమాయకంగా చూశాడు. "దిద్దడం మొదలుపెట్టాక మార్చకూడదు కదే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ అయిపోయాయి. మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. ఎర్ర గీతలున్న కాగితం అసలు దిద్దుతారో లేదో, పక్కన పడేస్తారేమోనని మేస్త్రి భయం. ఆ వేసవంతా ఊరికి అన్నం సహించలేదు. ఆయన మాత్రం పొద్దున్నే బడికి పోయి, ఎవరో చావబోతున్న ఇంటిని చూసినట్టు ఆ గోడలు చూసి వచ్చేవాడు.

ఫలితాల రోజు ఆయన కొట్టులోంచి కదల్లేదు. తల వంచుకుని కాజాలు కుడుతున్నాడు. ఊరు మా వాకిట్లోనే ఉంది. దూరంగా సైకిలు గంట ఆగకుండా మోగింది. పాలాయన కూతురు పెడల్ మీద నిలబడి తొక్కుకుంటూ వస్తోంది, చున్నీ ఎటు ఎగిరిపోతోందో కూడా చూసుకోవడం లేదు!

"పాస్! పిన్నీ, మాస్టారు పాస్! అన్నిట్లో పాస్!"

అబ్బ! ఆ కేకలు, ఆ గోల! మేస్త్రి మా ఆయన్ని సూదీ దారంతో సహా పైకెత్తేశాడు. పిల్లలు బడి దగ్గరికి పరుగు తీశారు. నేను ఎవరిని పట్టుకుని ఏడ్చానో నాకే గుర్తులేదు, తర్వాత చూస్తే మేస్త్రి పెళ్ళాం.

ఆ గోలలో పైనుంచే మా ఆయన, "లెక్కల్లో ఎంత?" అన్నాడు.

"నలభై ఒకటి!"

ఆయన మొహం మాడిపోయింది. "ఎవరో పొరపాటు పడ్డారు. అన్ని రావు. మళ్ళీ చూడమని అర్జీ పెడతాను."

"మాస్టారూ, ఇంకో మాట అన్నారంటే కింద పడేస్తాను," అన్నాడు మేస్త్రి.

పాలాయన కూతురు ఆయాసపడుతూనే నవ్వింది. "పొరపాటు కాదు మాస్టారూ. చివర జవాబు తప్పినా, అక్కడిదాకా చేసిన దారి సరిగ్గా ఉంటే దానికి మార్కులిస్తారు. మేమూ అలాగే దిద్దుతాం."

మేస్త్రి ఆయన్ని కిందికి దించాడు. మా ఆయన చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి, దాని వంకే చూశాడు. "మరి ఇన్నేళ్ళూ నేను..." అని ఆగిపోయాడు.

బడి తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ గడప తొక్కాను. ఒట్టు గట్టున పెట్టాను. ఆయన పిల్లల ముందు నిలబడి, "ఇక నుంచి దారికీ మార్కులుంటాయి," అన్నాడు. పిల్లలు రేకులు ఎగిరిపోయేలా అరిచారు.

నేను వెనక బల్ల మీంచి లేచాను. "అయితే నా లెక్కకీ వెయ్యి."

ఏ లెక్క అని అడుగుతాడనుకున్నాను. మర్చిపోయి ఉంటాడని తిట్టడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆయన బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టాడు. తానులో గుడ్డ నలభై మూడు మీటర్లు. చొక్కాకి రెండున్నర. చొక్కాలు పద్నాలుగు. మొత్తం ముప్పై అయిదు మీటర్లు పోయింది. మిగిలింది, పన్నెండు. నా తప్పు కూడా నేను రాసినట్టే రాశాడు.

"గుర్తుందా?" అన్నాను.

"ఆ పలక నువ్వు వదిలేసి వెళ్ళావుగా. చాలా రోజులు తుడవలేదు," అన్నాడు ఆయన, బోర్డు వైపే తిరిగి. "అప్పుడే పిలవాల్సింది."

తర్వాత ఆ లెక్క పక్కన టిక్కు కొట్టి, కింద అయిదుకి నాలుగు వేశాడు.

"నాలుగేనా?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"తీసివేత తప్పు కదే," అన్నాడు. "రా, కూర్చో. నేర్పుతాను."